ఊ కొట్టిన పిల్లకు మొదటి బహుమతి

నూకరత్నం కూతురు మోక్షితకి మూడేళ్లు నిండినా నోట్లోంచి ఒక్క మాట ఊడిపడలేదు గానీ, బాగా మాట్లాడే పిల్లల్లో జిల్లాకల్లా మొదటి బహుమతి మాత్రం వచ్చింది. అదెలాగండీ అని ఆశ్చర్యపోకండి. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా, సర్కారు తలుచుకుంటే మాటలకు కొదవా?

తలుచుకున్నది శిశు వాక్ వికాస సంస్థ డైరెక్టరు చక్రధరరావు గారు. పసిపిల్లలకి మాటలు రావాలంటే పెద్దవాళ్లు వాళ్లతో కబుర్లాడాలి, కథలు చెప్పాలి, వాళ్లు వచ్చీరాని మాటలతో ఏదైనా చెబితే ఓపిగ్గా వినాలి అని ఆయన ఎక్కడో విన్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. మన ఇళ్లల్లో అమ్మమ్మలు ఎవరూ చెప్పకుండానే ఈ పని చేస్తున్నారు. అయితే అమ్మమ్మలు చేసేదానికి కొలత లేదు. కొలత లేనిదాన్ని సమీక్షా సమావేశంలో తెర మీద ఎలా చూపిస్తారు చెప్పండి? మాటని కొలిచే మార్గం ఏదీ అని ఆయన అన్నం సయించక కొట్టుకుంటున్న రోజుల్లో, దేవుడు కరుణించి ఒక పల్లెటూళ్లో ఆయన కారు టైరు పంక్చరు చేశాడు.

పక్కింటి అరుగు మీద ఒక ముసలావిడ మనవడికి కథ చెబుతోంది. “అనగనగా ఒక ఊళ్లో ఒక పిసినారోడు ఉండేవోడంట.” “ఊ.” “ఆడు కూరలో ఉప్పు ఏసుకోడానికి కూడా ఏడిచేవోడంట.” “ఊ.”

డైరెక్టరు గారు టైరు సంగతి మరిచిపోయారు.

“ఈ బాలుడు చేయుచున్న ధ్వని ఏమిటి?” అని డ్రైవరుని అడిగారు.

“ఊ కొడతన్నాడండి.”

“ఎందువలన?”

“ఇంటన్నానని చెప్పడానికండి, ఆయ్. కొట్టకపోతే మామ్మ చెప్పడం ఆపేత్తదండి.”

అంతే, అక్కడికక్కడే శాస్త్రం పుట్టేసింది. ఊ కొడితే విన్నట్టు. వింటే అర్థమైనట్టు. అర్థమైతే మాట వచ్చినట్టే కదా! పైగా ఊని వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. నెల తిరక్కుండా ‘ఊకార పథకం’ అమల్లోకి వచ్చింది. ‘ఊ కొట్టు, ఉన్నతి పట్టు’ అని గోడలన్నీ రాతలతో నిండిపోయాయి. ఉత్తర్వు ఇలా నడిచింది: “ప్రతి అంగన్‌వాడీ కేంద్రమునందు బాలబాలికలకు కథాశ్రవణము చేయించుచు, వారు ఉచ్చరించు ఊకారములను గణించవలెను. కథామధ్యమున ప్రశ్నలు వేయుట, ఇతర పదములు పలుకుట ఊకార ప్రవాహమునకు భంగకరము. అట్లు చేయువారిని వాగ్దోషము గలవారిగా గుర్తించి, వాక్చికిత్సకునికి చిట్టీతో సహా పంపవలెను.”

ఈ ఉత్తర్వు మీద టీచర్లకు పెట్టిన శిక్షణ తరగతిలో ఒక టీచరమ్మ లేచి, పిల్లలు ‘ఊహూఁ’ అంటే ఏం చెయ్యాలండీ అని అడిగిందట. “అందులో రెండున్నవి గదా, రెండుగా పరిగణించండి” అన్నారు డైరెక్టరు గారు. హాలంతా చప్పట్లు.

ఇక మెట్టలంకలో నూకరత్నం సంగతి. జాకెట్లు కుట్టుకునే మనిషి. కోపం ముక్కు మీదే ఉంటుంది, నోరు ఊరికే ఉండదు. అలాంటి తల్లికి మాట రాని పిల్ల పుట్టిందేమిట్రా అని వీధి వీధంతా ముక్కు మీద వేలేసుకునేది. మొగుడు వీర్రాజు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాడు. “మా నాన్నకీ అయిదేళ్లు దాటేకే మాటొచ్చిందంట. ఆ తర్వాత ఆపడం ఎవడి తరవూ కాలేదు” అనేవాడు. “మీ నాన్న సంగతి నాకెందుకు, పిల్ల సంగతి చూడవయ్యా మగడా” అని నూకరత్నం కసిరేది.

ఒకరోజు వంటింట్లో ఇత్తడి బిందె చెయ్యి జారి గచ్చు మీద పడింది. వీధి చివర కుక్క కూడా మొరిగింది గానీ, వెనకాలే కూర్చుని గుడ్డపీలికలతో ఆడుకుంటున్న మోక్షిత తల తిప్పలేదు. నూకరత్నానికి ఎక్కడో చురుక్కుమంది. వెళ్లి పిల్లకి ఎదురుగా కూర్చుంది.

“పాలు తాగుతావా అమ్మా?”

“ఊ.”

“నిన్ను చేపలోళ్లకి అమ్మేత్తానే.”

“ఊ.”

“అమ్మంటే నీకు ఇష్టం లేదు కదూ?”

“ఊ” అంది మోక్షిత, తల్లి మొహంలోకి చూస్తూ నవ్వుతూ.

నూకరత్నం సగం కుట్టిన జాకెట్టు మిషను మీదే వదిలేసి, పిల్లని చంకనేసుకుని అంగన్‌వాడీకి పరిగెత్తింది.

“వరహాలమ్మ టీచరుగారండీ, మా పిల్లకి చెవులు ఇనపడతన్నట్టు లేదండి. పెద్దాసుపత్రిలో మాటల డాక్టరుగారు ఉన్నారంట కదా. మీరు చిట్టీ ఇత్తేనే చూత్తారంటండి.”

వరహాలమ్మ చెడ్డది కాదు. పైనుంచి రోజూ ఫోన్లు, కింద నుంచి రోజూ పిల్లలు, మధ్యన నలిగిపోతున్న మనిషి. “అదేం మాట రత్నం? మీ మోక్షితే లేకపోతే మా సెంటరు పరువు గోదాట్లో కలిసిపోను! మిగతా సన్నాసులందరూ పిల్లికి మీసాలెందుకు, ఎలక్కి అమ్మ ఉందా అని నన్ను చంపుకు తింటన్నారు. ఇదొక్కతే బంగారుకొండ. నేనిలా గెడ్డం ఎత్తడం ఆలస్యం, ఊ అంటది.”

“అదేనండి నేను చెప్పేది! మీ గెడ్డం చూసి అంటంది, మాట ఇని కాదు.”

“ఏది చూసి అంటే ఏంటమ్మా, ఊ ఊయే కదా. రోజూ అందరికంటే పైన ఉన్న పిల్లకి మాట రాలేదని చిట్టీ రాత్తే నా ఉద్యోగం ఉంటదా?”

ఆ వారమే నూకరత్నం పక్కింటి పిల్లాడికి చిట్టీ ఇచ్చారు. వాడి పేరు తాతాజీ. నాలుగేళ్లు. పొద్దున్న లేచింది మొదలు వాడి నోరు ఆడుతూనే ఉంటుంది. పిసినారి కథ సగంలో “ఆడు ఉప్పు ఏసుకోకపోతే మరి ఆవకాయెలా తింటాడండి టీచరుగారండీ?” అని అడిగినందుకు వాడికి వాగ్దోషం ఉందని తేల్చారు. వాడి తల్లి సూర్యకాంతం గోడ అవతల నుంచి ముక్కు చీదింది. “మావోడికి నోట్లో ఏదో జబ్బంట వదినా. నువ్వెంత పుణ్యం చేసుకున్నావో, మీ పిల్ల ఎంచక్కా ఊ అనుకుంటా కూర్చుంటది.”

వినగానే నూకరత్నానికి ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. చిట్టీ లేకపోతే పోయిందని పిల్లని తీసుకుని తానే పెద్దాసుపత్రికి బస్సెక్కింది.

మాటల డాక్టరు గది ముందు వరండా చూస్తే తీర్థంలా ఉంది. జిల్లాలో గడగడా మాట్లాడే పిల్లలందరూ అక్కడే ఉన్నారు. ఒకడు పద్యం చెబుతున్నాడు, ఒకడు ఫ్యానుకి మూడు రెక్కలే ఎందుకున్నాయని అడుగుతున్నాడు, ఒక పిల్ల తన వంతు ఎప్పుడొస్తుందని పేషెంట్లందరినీ పేరుపేరునా పలకరిస్తోంది. తల్లులు వాళ్ల నోళ్లకి చేతులు అడ్డం పెట్టి “ఊ అనరా, ఊ అనరా నాయనా” అని బతిమాలుతున్నారు. తలుపు సందులోంచి డాక్టరు ఫణీంద్ర కనిపించాడు. మాట రాని పిల్లలకి మాట నేర్పడం చదువుకుని వచ్చిన మనిషి, తాతాజీని ఎదురుగా కూర్చోబెట్టుకుని “నాన్నా, నేను కథ చెబుతాను, నువ్వేమీ అడగవు కదూ?” అంటున్నాడు. “ఎందుకు అడక్కూడదండి?” అంటున్నాడు తాతాజీ.

గుమ్మం దగ్గర అటెండరు ఆపేశాడు. “మీ పిల్లకి ఏంటి కంప్లయింటు?”

“మాట రాదండి.”

“ఊ అంటదా?”

“అంటది గానీ...”

“మరింకేంటమ్మా! ఇక్కడ నిజంగా జబ్బున్నోళ్లకే ఖాళీ లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లని తెచ్చి అడ్డం పెడతావేంటి? పక్కకి తప్పుకో.”

నూకరత్నం మళ్లీ మళ్లీ వచ్చింది. ప్రతిసారీ ఇదే మాట. ఊ మానిపిస్తే తప్ప చిట్టీ రాదని అర్థమై, ఇంట్లో మానిపించబోయింది. పిల్ల ఊ అనబోయినప్పుడల్లా పెదాల మీద చెయ్యి పెట్టేది. అమ్మ కొత్త ఆట కనిపెట్టిందనుకుని మోక్షిత కిలకిలా నవ్వి, మరింత జోరుగా ఊ అనేది. నూకరత్నం ఆ చేతినే తన నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇలా ఉండగా జిల్లా స్థాయి ఊకార మహోత్సవం వచ్చిపడింది. కల్యాణమండపం నిండా పిల్లలు, టీచర్లు, అధికారులు. వేదిక మీద పూలదండలతో చక్రధరరావు గారు, ఆయన పక్కన దిక్కులు చూస్తూ ఫణీంద్ర. మోక్షితకి గిల్టు కిరీటం పెట్టి మధ్యలో నిలబెట్టారు. నూకరత్నాన్ని ‘ఆదర్శ మాతృమూర్తి’ అని రాసిన పట్టీ కట్టి వెనకాల నిలబెట్టారు.

“ఈ చిన్నారి సాధించిన పురోగతి క్షేత్రస్థాయి సిబ్బందికి స్ఫూర్తిదాయకము” అని డైరెక్టరు గారు మొదలుపెట్టారో లేదో, వేదిక వెనక బ్యాండుమేళం వాడు సమయం చూసుకోకుండా పెద్ద డ్రమ్ము మీద ధనామని వాయించాడు. హాల్లో పిల్లలందరూ ఒక్కసారిగా ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నారు. ముందువరసలో ఒక అధికారి కాఫీ ఒంటి మీద ఒలకబోసుకున్నాడు. డైరెక్టరు గారే అడుగు వెనక్కి వేశారు. మోక్షిత ఒక్కతే కదల్లేదు. ఆయన దండలోంచి వేలాడుతున్న బంతిపువ్వుని చేత్తో ఊపుకుంటూ నిలబడింది.

“గమనించితిరా!” అన్నారు డైరెక్టరు గారు మైకులో, గొంతు గద్గదమై. “ఏకాగ్రత! పిడుగు పడినను చలించని ఏకాగ్రత! ఇది ఊకార సాధన ఫలము!”

చప్పట్లు మోగిపోయాయి. ఎదురుగా చేతులన్నీ ఒక్కసారి ఆడేసరికి, అదీ ఆటేననుకుని మోక్షిత కూడా చప్పట్లు కొట్టింది. నూకరత్నానికి ఇక ఆగలేదు. సరాసరి వెళ్లి మైకు లాక్కుంది.

“అది ఏకాగ్రత కాదండి బాబూ, చెవుడండి! నా బిడ్డకి ఇనపడదండి.”

ఎవరో మహాతల్లి మాట్లాడుతోంది కదా, శ్రవణం అంటే ఇదే కాబోలు అని టీచర్లందరూ అలవాటుగా గెడ్డాలు పైకెత్తారు. పిల్లలందరూ ఏడుపు ఆపి ముక్తకంఠంతో “ఊ” అన్నారు. ముందువరసలో అధికారులు కూడా “ఊ” అన్నారు.

“నెలల తరబడి తిరుగుతున్నానండి, చిట్టీ ఇవ్వట్లేదండి.”

“ఊ.”

“రోజులు గడిచేకొద్దీ పిల్ల ఎనకబడిపోతాదని భయవేత్తందండి.”

“ఊ.”

“ఇంతవరకూ నన్ను ‘అమ్మా’ అని పిలవలేదండీ!”

“ఊ” అంది హాలంతా, ఇంకా గట్టిగా. మోక్షిత అందరి నోళ్లూ చూసి తనూ “ఊ” అంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే కొరుకుడు పడటం లేదా అన్నాడని సామెత. ఇక్కడ వినపడని పిల్ల ఒక్కతే, మిగతా అందరూ బాగా విన్నవాళ్లే.

డైరెక్టరు గారు మాత్రం ఆలోచనలో పడ్డారు. ఆయన ఆలోచనలో పడ్డారంటే ఎవరికో మూడిందన్నమాటే. కాసేపటికి మొహం వెలిగిపోయింది. “ఈ మాతృమూర్తి మనకు గొప్ప సత్యము తెలియజేసినది. ఈ బాలికకు వినపడదట. అయినను జిల్లాలో అత్యధిక ఊకారములు సాధించినది. దీనివలన ఏమి ఋజువగుచున్నది? ఊకారమునకు వినికిడి అనివార్యము కాదు! కావున కథాశ్రవణమునకు వెచ్చించు సమయమంతయు వృథా. తక్షణమే పథకము రెండవ దశ ప్రారంభమగును. ఇకపై కేంద్రములలో కథలు చెప్పనవసరము లేదు. బాలబాలికలు నేరుగా ఊ కొట్టవలెను!”

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది. రోజూ అవే కథలు చెప్పి గొంతు పోగొట్టుకున్న టీచర్లు మాత్రం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు. వాళ్లని తప్పుపట్టి ఏం లాభం?

నూకరత్నానికి దుఃఖం పోయి ఒళ్లు తెలియని కోపం వచ్చింది. “ఏంటండీ ఇది? ఇనపడని పిల్లకి కిరీటం ఎందుకండీ? ఊ అంటే మాటెలా అవుద్దండీ? చక్కగా మాట్లాడే పిల్లల్ని డాక్టరు కాడికి తోలేసి, మాట్లాడలేని పిల్లని స్టేజీ ఎక్కిత్తారా? మీ ఇంట్లో పిల్లలకైతే ఇలాగే చేత్తారా? ఆ డాక్టరుగారు అక్కడ కూర్చుని ఏం చూత్తన్నారండీ?”

ఫణీంద్ర తల దించుకున్నాడు. డైరెక్టరు గారు కనుబొమలు ముడేసి, పక్కనున్న అధికారి వైపు ఒరిగారు. “ఈమె ప్రశ్నలు వేయుచున్నది.”

“అవునండి, వరసగా వేస్తోందండి.”

“ఒక్క ఊకారము కూడా లేదు. ప్రవాహము పూర్తిగా భంగమైనది. ఇది ముదిరిన వాగ్దోషము. బాలికకు సంక్రమించినచో మన ప్రథమ బహుమతి ఏమి గావలెను? ఈమెను తక్షణమే వాక్చికిత్సకు పంపుడు!” అని అక్కడికక్కడే చిట్టీ రాయించి, సంతకం పెట్టి నూకరత్నం చేతిలో పెట్టారు.

అన్నాళ్లు కాళ్లరిగేలా తిరిగినా దొరకనిది అలా దొరికింది. చిట్టీ కొంగున ముడేసుకుని, పిల్లని ఎత్తుకుని నూకరత్నం వేదిక దిగింది. నోరు మూసుకుంటే నయమైపోయిందని వెనక్కి లాక్కుంటారేమోనని, గేటు దాటి బస్సెక్కేదాకా కనిపించినవాళ్లందరినీ ప్రశ్నలు అడుగుతూనే ఉంది. ఈ బస్సుకి అద్దాలెందుకు లేవని కండక్టరుని కూడా అడిగింది.

మర్నాడు ఆసుపత్రిలో అటెండరు చిట్టీ చూసి, సలాం చేసినంత పనిచేసి లోపలికి పంపాడు.

ఫణీంద్ర ఆమెని గుర్తుపట్టి ఇబ్బందిగా కదిలాడు. “ఎంతకాలం నుంచి అమ్మా మీకు ఈ మాటలు?” అని చిట్టీ చూసి అడిగాడు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

“నా మాటలకేం వచ్చిందండి, పుట్టినకాడి నుంచీ ఉన్నాయి. ముందు ఈ పిల్ల చెవి చూడండి.”

“చిట్టీ మీ పేరు మీద ఉందమ్మా. పాపని చూస్తే నేను పైకి సంజాయిషీ...”

“నన్నే చూడండి బాబూ, ఎవరు కాదన్నారు? నా నోరు ఆగకపోడానికి కారణం ఇదిగో, ఈ పిల్లే. కారణం చూడకుండా వైద్యం చేత్తారా మీరు?”

ఫణీంద్ర లేచి తలుపు గడియ పెట్టాడు. బీరువా తెరిచి, దుమ్ము పట్టిన గంట ఒకటి తీసి తుడిచాడు. మోక్షిత వెనకాలకి వెళ్లి మోగించాడు. పిల్ల కదల్లేదు. దగ్గరగా మోగించాడు. మోక్షిత తల్లి కొంగుతో ఆడుకుంటూనే ఉంది. అతను ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుని ఊరికే పెదాలు కదిపాడు. “ఊ” అంది మోక్షిత, ఎంతో మర్యాదగా.

అతని కళ్లు చెమ్మగిల్లాయి. “ఇన్నాళ్లూ ఎక్కడున్నారమ్మా?”

“మీ గుమ్మంలోనేనండి” అంది నూకరత్నం.

ఆ తర్వాత పరీక్షలు జరిగాయి. చెవి దగ్గరే పెట్టి వాయించే గట్టి చప్పుళ్లు మాత్రం లీలగా అందుతున్నాయని, యంత్రం పెడితే బాగా వినిపిస్తుందని తేలింది. యంత్రం తెప్పించడానికి ఫణీంద్ర పైకి ఇలా రాశాడు: “రోగి అయిన తల్లి వాగ్దోష నివారణార్థము బిడ్డ చెవులకు శ్రవణ యంత్రములు అత్యవసరము.” ఎవరూ చదవలేదు కాబట్టి మంజూరైంది.

యంత్రం పెట్టిన రోజు మోక్షిత అలవాటుగా ఊ అని, ఆ చప్పుడు తనదేనని తెలిసి హడలిపోయి తల్లిని కరుచుకుంది. ఆ మీదట రోజుల తరబడి ఊ కూడా అనలేదు. నూకరత్నానికి భయమేసి అడిగితే, “విననివ్వండమ్మా. ఇప్పటిదాకా విననిదంతా వినాలి కదా. మీరు మాట్లాడుతూ ఉండండి” అన్నాడు ఫణీంద్ర. నూకరత్నానికి అంతకంటే తేలికైన మందు ఎవరూ రాసివ్వలేరు. సూదిలో దారం ఎక్కించినా చెప్పింది, కూర మాడినా చెప్పింది, మొగుణ్ణి తిట్టినా తిట్టు తిట్టుకీ అర్థం చెప్పింది. తాతాజీ గోడ దూకి వచ్చి మిగతాది వాడు చెప్పేవాడు. వీర్రాజు చెవుల్లో దూది పెట్టుకున్నాడు గానీ, రాత్రిళ్లు పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని పాటలు పాడేవాడు. వానలు వచ్చి వెళ్లిపోయాయి.

ఒక మధ్యాహ్నం నూకరత్నం మిషను మీద ఉండగా, వరహాలమ్మ టీచరు మోక్షిత చెయ్యి పట్టుకుని చరచరా వచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

“మీ పిల్ల పాడైపోయింది రత్నం. ఇయ్యాళ తనిఖీ. పైనుంచి వచ్చినోళ్లంతా కూర్చున్నారు. కథ లేదు కదా, నేను ఊరికే గెడ్డం ఎత్తేను. అందరూ ఊ అన్నారు. ఇది అనలేదు. మళ్లీ ఎత్తేను. అనలేదు. మీదికొచ్చి నా చీర పట్టుకుని లాగి, అందరి ముందూ అడిగేసింది.”

నూకరత్నం పాదం మిషను మీద ఆగిపోయింది. “ఏవని అడిగిందండి?”

“‘కతేది?’ అంది.”

“మోక్షితేనా అండి? తాతాజీ కాదూ?”

“తాతాజీ ఏంటి, ఇదే. ‘కతేది?’ అని నిలదీసింది. నాకు తల తీసేసినట్టయింది. ఆళ్లు అక్కడే దీనికి వాగ్దోషం రాయమన్నారు. రాయక తప్పదు, నన్ను తిట్టుకోకు.”

నూకరత్నం లేచింది. పిల్లని దగ్గరికి లాక్కుని తల మీద, చెవుల మీద, చెవుల్లో యంత్రాల మీద ముద్దులు పెట్టుకుంటూ భోరుమంది. వరహాలమ్మ కంగారుపడి “ఏడవకే, ఏదో ఒకటి చేద్దాంలే” అంది.

“ఎందుకండీ చెయ్యడం?” అంది నూకరత్నం, ఏడుస్తూనే నవ్వుతూ. “రాయండి టీచరుగారండీ. పెద్ద పెద్ద అచ్చరాలతో రాయండి, జిల్లా అంతా చదువుకునేలాగ. మా పిల్లకి నోరొచ్చిందని రాయండి!”